పద్దెనిమిది బిల్డింగుల నోట్‌బుక్

మే 13

రుచ్చవ్వా,

నిన్నటితో నీ దినాలు అయిపోయాయి. ఊరి నుంచి వచ్చినవాళ్లంతా పొద్దున సూరత్ ఉధ్నా స్టేషన్లో రైలెక్కారు. మీ బాపు మగ్గాల ఖాతాకు పోయాడు. సాంచాలు మనకోసం ఆగవు కదా. గదిలో నేనొక్కదాన్నే. నీ పాత లెక్కల పుస్తకంలో వెనక ఖాళీ పేజీలుంటే వాటిలో రాస్తున్నాను. ఐదో తరగతి చదువు నాది. తప్పులుంటే నవ్వకు.

నువ్వు పోయిన మూడో నాడు తాపీ నది ఒడ్డున నీ పేరు మీద పిట్టకు పెట్టాం. నీకిష్టమని పూరీలు, కోడికూర చేశాం. మూల మీద బండి దగ్గరి లోచో కూడా తెచ్చాడు మీ బాపు. విస్తరి పెట్టి దూరం జరిగి కూర్చున్నాం. గోడ మీద మూడు కాకులు. ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అయినా దిగలేదు.

"పోరికి ఏదో కోరిక ఉండిపోయింది. ఏందో యాది చేసుకొని మొక్కుండ్రి," అంది మీ అత్త కొమురవ్వ.

"పెండ్లి కావొచ్చు," అన్నారెవరో.

"ఊకో అవ్వా, పెండ్లి మాటెత్తితే ఉన్న కాకులు గూడ లేచిపోతయి. దాని సంగతి నాకు తెల్వదా?" అంది కొమురవ్వే.

అంత ఏడుపులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను నవ్వలేదు. నీ కోరిక ఏమిటో నాకు తెలుసు. కళ్లు మూసుకుని గట్టిగా అరిచి మొక్కాను. "బిడ్డా, నీ బిల్డింగుల నోట్‌బుక్ నా చేతులతోని మీ సారుకిస్త. పుస్తకంల నీ పేరు అచ్చయితది. నా మీద ఒట్టు."

"ముట్టింది, ముట్టింది" అని అందరూ లేచారు. కళ్లు తెరిచేసరికి పెద్ద కాకి పూరీ ముక్క పట్టుకుని ఉంది.

అందుకని నాకు పనుంది. ఏడుపు తర్వాత.

డాక్టరు వడదెబ్బ అని రాసిచ్చాడు. పరగడుపున ఎండలో తిరిగిందా అని అడిగాడు. లేదన్నాను. ఆ రోజు నువ్వు తినే పోయావు.

మే 14

నీ సంచి విప్పాను. నీళ్ల సీసా, చున్నీ, వేడి చూసే చిన్న మిషను, రెండు పెన్నులు ఉన్నాయి. నీలం అట్ట నోట్‌బుక్ లేదు.

మే 15

బీరువా కింద, బియ్యం డబ్బా వెనక, చీరల మూటల్లో కూడా చూశాను. లేదు. మీ బాపును అడిగాను.

"ఏ నోట్‌బుక్?" అన్నాడు.

నెల రోజులు అన్నం తినే చాప మీద పరిచి పెట్టుకున్నావు ఆ నోట్‌బుక్. పక్కకు జరపవే అని రోజూ కసిరింది ఆయనే.

ఆస్పత్రిలో పోయి ఉంటుంది.

మే 17

ఆస్పత్రికి పోయి అడిగాను. మూడు కిటికీలు తిప్పారు. పేషెంటు చెప్పులు కూడా మేం ఉంచుకోం బెన్ అన్నాడు ఒకతను.

మే 18

నీతో చదివే సంగీత వచ్చింది. నీ మంచం మీద కూర్చోలేదు, కిందనే కూర్చుంది. నీ ముచ్చట ఎత్తకుండా చాలాసేపు ఫ్యాను గురించి మాట్లాడింది, పాపం. నేనే అడిగాను, మీ సార్ అచ్చు వేయించే ఆ పుస్తకం సంగతి నాకు మొదటి నుంచి చెప్పు బిడ్డా అని.

"ఆంటీ, సర్ చార్ సిటీ ఇచ్చిండు. సూరత్, అహ్మదాబాద్, పూణె, హైదరాబాద్. ఏ సిటీల ఎన్ని గ్రీన్ బిల్డింగ్‌లకు సర్టిఫికెట్ ఉంది, అది కంపేర్ చేయాలె. ఒక్కొక్కరికి ఒక్క సిటీ. నాది హైదరాబాద్. నేనయితే ఏసీల కూసొని కంప్యూటర్‌ల చూసి రాసిన. మీ రుచిత చూడు, పాగల్. సూరత్ లిస్టుల దానికి పద్దెనిమిది పేర్లొస్తే, పద్దెనిమిదింటి కాడికి తానే పోత అన్నది."

నాకు కొంత తెలుసు. పచ్చరంగు వేస్తారా వాటికి అని నేనడిగితే పడీ పడీ నవ్వావు. కరెంటు తక్కువ తాగే బిల్డింగు, నీళ్లు వృథా చేయని బిల్డింగు, లోపల చల్లగా ఉండే బిల్డింగు అని చెప్పావు. అట్లాంటి వాటికి గోల్డు అనీ సిల్వరు అనీ పలక ఇస్తారన్నావు. మరి మన గదికి ఏం పలకిస్తారే అంటే, పైకి చూసి, "రేకుల పలక" అన్నావు. ఆ మధ్యాహ్నం మిషను పెట్టి చూస్తే మన మంచం మీద నలభై ఒకటి. లోకం మీది బిల్డింగులన్నీ కొలిచే పిల్ల ఇంత వేడిలో పడుకుంటుందని నాకప్పుడు అనిపించలేదు. కూలికి తెచ్చుకున్న మూటలో ఇంకా ఎన్ని చీరలకు దారాలు కత్తిరించాలో చూసుకుంటున్నాను.

సార్ అడిగింది లెక్క ఒక్కటే. నువ్వు పక్కన ఇంకో గడి గీశావట. ఆ బిల్డింగు గేటు దగ్గర కూర్చునే మనిషికి నీడ ఉందా, నీళ్లు ఉన్నాయా, అక్కడ వేడి ఎంత. సంగీత చెప్పేదాకా ఆ గడి సంగతి నాకు తెలియదు.

నోట్‌బుక్‌లో ఉన్నది వేరే ఎక్కడన్నా ఉందా అని అడిగాను. లేదంది. ఫోన్‌లో గేట్ల ఫొటోలే ఉన్నాయి. మన ఇంట్లో కంప్యూటర్ లేదు కదా, అంతా అయ్యాక కాలేజీలో కూర్చుని ఒకేసారి ఎక్కిస్తానన్నావట.

"టైం ఎప్పటిదాంక ఉంది?"

"జూన్ పది. ఉస్‌కే బాద్ ప్రింట్‌కు పోతది ఆంటీ."

మే 21

కాలేజీకి పోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరి కోసం అన్నాడు. రుచిత అమ్మను అన్నాను. అతను టోపీ తీసి నిలబడ్డాడు.

మీ సార్ మంచివాడే. కుర్చీ వేశాడు, నీళ్లు తెప్పించాడు. సూరత్‌లో ఎన్ని ఉన్నాయనే లెక్క నెట్‌లో దొరుకుతుందట, దానికి ఇబ్బంది లేదట. కానీ నీ పేరు వేయాలంటే నువ్వు చేసిన పని ఆయన చేతికి రావాలి. లేకుంటే మొదటి పేజీలో ఫొటో పెట్టి, నివాళి అని వేస్తానన్నాడు.

"నహీ సాబ్," అన్నాను. చచ్చిపోయినందుకు కాదు, పని చేసినందుకు పేరు రావాలి. హిందీలో అంత చెప్పడం రాలేదు. నహీ అని మూడుసార్లు అన్నాను.

మే 22

నోట్‌బుక్ దొరకలేదు.

మే 24

ఒక ఉపాయం తట్టింది. సంగీత దగ్గర ఆ పద్దెనిమిది పేర్ల కాగితం ఉంది. మిషను నా దగ్గర ఉంది. గడులు గీయడం నాకూ వస్తుంది. నువ్వు పోయిన చోటికి నేను పోతే, నువ్వు రాసిందే నేను రాస్తాను. బిల్డింగులు ఎక్కడికీ పోవు కదా.

మీ బాపుకు చెప్పాను. అన్నం ముందు నుంచి లేచి పోయాడు.

మే 26

మొదట వేసు ఏరియాలో పెద్ద అద్దాల బిల్డింగుకు పోయాను. కాగితంలో దాని పక్కన గోల్డు అని ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తల మీద తడి తువ్వాలు కప్పుకున్నాడు. హిందీలో మొదలుపెట్టాను. ఆయన ఆపాడు.

"ఏ ఊరు చెల్లె మీది?"

నా హిందీ వినగానే పట్టాడు. జగిత్యాల దిక్కు మనిషి, పేరు ఆగయ్య. ముప్పై ఏళ్లు సచిన్ దిక్కు ఖాతాల్లో సాంచాలు నడిపి, చెవులు పోయాక ఇక్కడ కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడాలి. మిషను బయటికి తీయగానే గుర్తుపట్టాడు.

"ఆ పోరి నీ బిడ్డా! ఏం పిల్లనమ్మా. పోలీసోళ్లు గూడ గిన్ని అడగరు. కాకా ఏడ కూసుంటవ్, ఏడ తింటవ్, ఏడికి పోతవ్. ఒంటేలుకు గూడ లెక్క రాసుకున్నది!"

"అవునన్నా, అది అట్లనే."

"నీకు గది ఎందుకు లేదు కాకా అన్నది. నక్షల గియ్యలే బిడ్డా, నన్ను మర్శిపోయిండ్రు అన్న. లోపట చెట్లకు గూడ పైపులతోని నీళ్లు చుక్క చుక్క పడ్తయి, నాకు బాటిల్. అది గూడ రాసుకున్నది. ఎట్లుంది ఇప్పుడు?"

"మంచిగుంది."

"పరీచ్చలా?"

"ఆ. పరీక్షలు."

చెప్పలేకపోయాను. అంత గట్టిగా అరిచి చెప్పాల్సిన మాట కాదది.

"టోపీ పెట్టుకొమ్మను. ఆఖరికి వచ్చిన రోజు మొఖం పీక్కపోయింది. తిన్నవా బిడ్డా అంటే, ఇంటికి పోయి తింట కాకా అన్నది. నా కాడ రెండు బిస్కెట్లుంటే ఇచ్చిన. ఒకటి తిన్నది, ఒకటి నాకే ఇచ్చింది."

లోపలికి ఒకసారి పోనిచ్చాడు. లిఫ్టు పక్కన పలక మెరుస్తోంది. చల్లదనం మోకాళ్ల దాకా వచ్చింది. బయటికి వచ్చి ఆయన కుర్చీ దగ్గర మిషను పెట్టాను. నలభై మూడు. రాసుకున్నాను.

మే 27

ఆగయ్యకు మతిమరుపు. వేరే రోజు సంగతి ఈ రోజుకు కలిపి చెప్పాడు. చెవులు కూడా లేవు. ఇంటికి పోయి తింటాను అని కాదు, ఇంటి దగ్గర తిన్నాను అని ఉంటావు.

నువ్వు తినే పోయావు.

మే 29

నాలుగు అయ్యాయి. ఒకచోట లోపలికి రానివ్వలేదు. ఒకచోట దొంగను చూసినట్టు చూసి ఫొటో తీసుకున్నారు. ఒకచోట వాచ్‌మన్‌కు మంచి గది ఉంది, ఫ్యాను ఉంది, కుండలో నీళ్లు కూడా ఉన్నాయి. ఆ గడిలో "ఉంది" అని పెద్ద అక్షరాలతో రాశాను. నువ్వుంటే మెట్లెక్కుతూనే అరిచి చెప్పేదానివి, అమ్మా ఒకచోట ఉందే అని.

జూన్ 1

ఎనిమిది.

మీ బాపు నాతో మాట్లాడటం లేదు. పొద్దున నా సంచిలో ఉల్లిగడ్డ పెట్టాడు, వడదెబ్బ తగలకుండా. చూసి కూడా చూడనట్టే ఉన్నాను.

జూన్ 3

పదకొండోది చూసి వస్తుంటే బమ్రోలి రోడ్డు మీద కళ్లు తిరిగాయి. ఆటో అతనే ఇంటి ముందు దించాడు. మీ బాపు మధ్యాహ్నం తిండికి వచ్చి ఉన్నాడు. నా నెత్తి మీద చెంబుతో నీళ్లు పోశాడు, ఒకటి, రెండు, మూడు. చెంబు కింద పెట్టలేదు.

"ఎన్నయినయ్?"

"పదకొండు."

"ఇంకేడు తిరిగి నువ్వు గూడ పోతవా?"

"మొక్కిన నేను. పిట్ట ముట్టింది. మొక్కు తీర్చకుంటే పిల్లకు తొవ్వ దొరుకదు."

"ఐలీ," అన్నాడు. పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో. "ఆ నోట్‌బుక్ ఎతుకకు. తాపీల ఉన్నది."

నాకు అర్థం కాలేదు. నీళ్లు చెవుల్లోంచి కారుతున్నాయి.

"నేను గూడ మొక్కిన. మనసుల. నీ పుస్తకం నీతోనే పంపిస్త బిడ్డా, నీకు ఇష్టమైంది నీ ఎంబడే ఉంటది, ఇగ ఎండల తిరగకు అన్న. అప్పుడు దిగింది పిట్ట. మీరంత తానానికి పోయినంక బూడిదతోని కలిపి ఇడిసిన."

"నేను మొక్కితే దిగింది."

"నువ్వు మొక్కినప్పుడు దిగలే."

"అబద్ధం."

"నీ కండ్లు మూసి ఉండె. నేను చూసిన. నువ్వు అరిచి ఆపినవ్. అయినా కూసున్నయి మూడు. గప్పుడు నేను మొక్కిన."

లేచి కొట్టాను. తడి చేతులతో, ఎక్కడ పడితే అక్కడ.

"అచ్చేసేటోని చేతుల పెట్టేది నీళ్లకిస్తవా? అది బొమ్మనా, గాజులా?"

"నాకేం తెలుసే? సదువొచ్చా నాకు? సచ్చినోళ్లకు ఇష్టమైంది ఎంబడి పంపుతరు గద. మా అవ్వతోని తంబాకు డబ్బి పంపలేదా? పిల్లతోని ఏం పంపాలె? దానికి ఏముండె ఇంట్ల, ఆ ఒక్క పుస్తకం తప్ప?"

"నేను గట్టిగ మొక్కిన గద. ఇనలేదా?"

"ఇన్న. బయటోళ్లకిచ్చుడు ఎందుకు, పిల్లకే ఇద్దామనుకున్న."

ఇంకా కొట్టాను. పట్టుకోలేదు నన్ను. ఆయన ఒక్క మాట అని ఉంటే నా చెయ్యి అక్కడే ఆగిపోయేది. ఆ మాట ఆయనకు తెలుసు. అనలేదు. చెంబు పక్కన పెట్టి, చొక్కా మార్చుకుని ఖాతాకు పోయాడు.

జూన్ 4

ఏం రాయను.

జూన్ 5

రాస్తాను. నీకు తెలిసిందే. అయినా నా చేత్తో రాస్తాను.

ఏప్రిల్ ముప్పై, పొద్దున. చీరల మూట ఆ రోజు తిరిగి ఇచ్చేది. ఇంకా సగం చీరలకు దారాలు వేలాడుతున్నాయి. నువ్వు డబ్బాలో రొట్టెలు, టమాట కూర సర్దుకుని సంచిలో పెట్టుకున్నావు. పొద్దున చాయ కూడా తాగలేదు, లేటైందని.

"జర కూసొని నాలుగు చీరలు పట్టరాదే," అన్నాను.

"అమ్మా, ఇయ్యాల రెండే బిల్డింగులే. రేపు రోజంత నీకాడనే కూసుంట. ప్రామిస్."

"రేపు ఎవరికి కావాలె? ఆ బిల్డింగులే పెడ్తయి నీకు అన్నం, పో," అని నీ సంచిలోంచి డబ్బా లాగి అర మీద పెట్టాను.

నువ్వు ఒక్క క్షణం చూశావు. తర్వాత నవ్వి, "సరే, గోల్డు సర్టిఫికెట్ది గద, మంచిగనే పెడ్తయి," అని మెట్లు దిగావు. నేను వెనక్కి పిలవలేదు. వస్తుంది, డబ్బా కోసం మళ్లీ ఎక్కి వస్తుంది అని దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాను.

సాయంత్రం నువ్వు గడపలో పడిపోయాక, ఆస్పత్రికి పోయే ముందు, ఆ రొట్టెలు తీసి కుక్కకు వేసి డబ్బా కడిగాను. ఆటో కింద ఆగి ఉంది, నేను డబ్బా కడుగుతున్నాను. మీ బాపు తలుపు దగ్గర నిలబడి చూశాడు. డాక్టరు అడిగినప్పుడు నేను లేదంటుంటే కూడా పక్కనే నిలబడ్డాడు.

నువ్వు తిని పోలేదు.

జూన్ 6

పన్నెండు. ఈసారి మీ బాపు కూడా వచ్చాడు. గొడుగు పట్టుకున్నాడు. మిషను ఎట్లా చూడాలో నాకంటే ఆయనకే బాగా తెలిసింది. ఖాతాలో ఇంతకంటే ఎక్కువే ఉంటది అన్నాడు, అంతే.

జూన్ 8

పద్నాలుగు. మిగతా నాలుగు దగ్గర గేటు కూడా దాటనివ్వలేదు.

జూన్ 10

నా కాగితాలు పట్టుకుని ఇద్దరం పోయాం. సంగీత కూడా వచ్చింది. సార్‌కు తెలుగు రాదు కదా, అది ఒక్కొక్క గడీ చదివి హిందీలో చెప్పింది. గోల్డు, నీడ లేదు, నలభై మూడు. సిల్వరు, గది ఉంది, ఫ్యాను ఉంది, ముప్పై ఆరు. గోల్డు, అడగనివ్వలేదు. సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టుకుని విన్నాడు. మధ్యలో ఆపలేదు.

తర్వాత చాలాసేపు మాట్లాడాడు. పుస్తకంలో ఊళ్లను పోల్చేది సర్టిఫికెట్లను బట్టే, ఈ గడి మిగతా మూడు ఊళ్లకు లేదట. నేను ఒకచోట పొద్దున, ఒకచోట మధ్యాహ్నం చూశాను, అట్లా చూస్తే లెక్క కాదట. అవన్నీ సరే. చివరికి మెల్లగా అన్నాడు.

"బెన్, యే ఉస్‌కా కామ్ నహీ హై. ఆప్‌కా కామ్ హై."

అది నీ పని కాదు, నా పని. కావాలంటే చివరి పేజీలో నా పేరు వేస్తాడట, సాయం చేసినవాళ్ల కింద.

మీ బాపు లేచి చేతులు జోడించాడు. "సాబ్, గల్తీ మేరా హై. పానీ మే డాల్ దియా. నేనే నీళ్లల్ల ఇడిసిన. దాని పేరు వెయ్యుండ్రి సాబ్, జర," అని సగం తెలుగులో బతిమాలాడు. ఖాతాలో సేటు ముందు కూడా అట్లా నిలబడడు ఆయన. సార్ కిటికీ వైపు చూశాడు. సంగీత ఏడ్చింది. నేను కాగితాలు మడిచి తీసుకున్నాను.

జూన్ 11

ప్రింట్‌కు పోయింది.

జూన్ 24

సంగీత పుస్తకం తెచ్చింది. మంచి కాగితం, నున్నగా ఉంది. నాలుగు ఊళ్లను వరసగా నిలబెట్టారు. సూరత్ ఎన్నోది అని నేను అడగలేదు, అది చెప్పలేదు. నీ పేరు ఇంగ్లీషులో ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, నీ పుస్తకాల అట్టల మీద చూశాను. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతికాను. మీ బాపు ఎదురుగా కూర్చుని నా వేలినే చూశాడు. ఆఖరి అట్ట వచ్చింది.

"ఒకసారి మళ్ల చూడు," అన్నాడు.

మళ్లీ చూశాను.

సూరత్ కింద ఎవరో వేరే పిల్ల పేరు ఉంది. ఆమె తప్పేం లేదు.

జూన్ 25

నేను మొక్కినప్పుడు పిట్ట దిగలేదన్నాడు మీ బాపు. రోజూ దాని మీదే ఆలోచిస్తున్నాను. ఆయనది అబద్ధం కాదు. నా మాట నువ్వు నమ్మలేదు. పొద్దున నోటి కాడి డబ్బా లాక్కున్న మనిషి మాట ఎవరు నమ్ముతారు? నమ్మకపోవడమే మంచిదైంది. నమ్మి ఉంటే ఇప్పటికీ గోడ మీదే కూర్చుని నీ పేరు కోసం చూస్తుండేదానివి.

చూడకు. పేరు రాలేదు. ఇక రాదు.

నా కాగితాలు నీళ్లలో వేయలేదు, దాచనూ లేదు. బల్ల మీద ఉన్నాయి. మీ బాపు వాటి మీద చాయ గ్లాసు పెడుతున్నాడు. నేనేమీ అనడం లేదు. మూట వచ్చింది, ఈసారి పెళ్లి చీరలు, దారాలు ఎక్కువ.

ఇక రాసేది లేదు రుచ్చవ్వా. నువ్వు ఎక్కడున్నావో, ఎవరింట్లో ఉన్నావో నాకు తెలియదు. అక్కడ ఎవరన్నా ఏమన్నా అంటే నవ్వి మెట్లు దిగకు. ఎవరు పెట్టినా సరే, పని తర్వాత చూసుకో, కూర్చుని కడుపు నిండా తిను బిడ్డా.